దవడ గాడిలో నల్ల గీత

పదకొండో వారం

పోయిన వారం మనం సూదమ్మను మైక్రోస్కోపు ముందు, ఊపిరి బిగబట్టి కూర్చున్నచోటే వదిలేసి వచ్చాం. ఆమె ఇంకా అక్కడే ఉంది. సూది కూడా వేళ్ళ మధ్య అలాగే ఉంది. లెన్సు కింద, సగం అగ్గిపుల్లంత దవడ ఎముకకి లోపలి వైపున, గాడి అడుగున, కుట్టుదారంకన్నా సన్నటి నల్ల గీత ఒకటి బయటపడింది. అది అక్కడ ఉండకూడదు. ఉండదని పదకొండేళ్ళుగా పుస్తకాల్లో రాసి ఉంది.

ఈ కథలోకి ఇప్పుడే అడుగుపెట్టినవాళ్ళకి నాలుగు మాటలు చెప్పాలి. సూదమ్మ అసలు పేరు వేరే. మ్యూజియం వెనక భాగంలో, రాతిలో ఇరుక్కున్న పాతకాలపు ఎముకల్ని రాతినుంచి విడదీసే పనిగది ఒకటుంది. అందులో ఆమె ఇరవై మూడేళ్ళుగా పనిచేస్తోంది. రాతిని రేణువు రేణువుగా సూదితో గీకే మనిషి కాబట్టి, గేటు దగ్గర కాపలావాడి నుంచి డైరెక్టరు దాకా అందరికీ ఆమె సూదమ్మే. ఈ పనిలో పెట్టింది బావ, అంటే అక్క భర్త. ఆయన ఇక్కడ పెద్ద ప్రొఫెసరు. ఆయన్ని అంతవాణ్ణి చేసింది 'చిట్టి'. ఇరవై కోట్ల ఏళ్ళ కిందట బతికిన ఎలుకంత ప్రాణి అది. తలకాయ మొత్తం కలిపి బొటనవేలి పైకణుపంత. దాని కుడి దవడని పదకొండేళ్ళ కిందట సూదమ్మే రాతిలోంచి తీసింది. ఎడమ దవడ మాత్రం రాతిలోనే ఉండిపోయింది. పుర్రెకి ఆధారంగా ఆ రాయి ఉండనీ అన్నాడు బావ.

ఇప్పుడు కొత్త డైరెక్టరు వచ్చి, ఆ రాతిముక్కని వేరే ఊళ్ళో స్కాను తీయించాల్సిందే అన్నాడు. తీసుకెళ్ళే వ్యాను ఇవాళ నాలుగింటికి వస్తుంది. పొద్దున్నే బావ వచ్చి, వ్యాను వచ్చేలోగా ఎడమ గాడి కూడా శుభ్రం చేసెయ్యమనీ, లేకపోతే రాతిలోని ఇనుప తుప్పు అడ్డొచ్చి స్కాను పాడవుతుందనీ చెప్పి వెళ్ళాడు. సూదమ్మ మారుమాట్లాడకుండా పనిలో కూర్చుంది. ఆ పనిలోనే గీత బయటపడింది.

గోడగడియారంలో పన్నెండూ నలభై.

సూదమ్మ ముందు సూదిని జాగ్రత్తగా ట్రేలో పెట్టింది. తర్వాత రెండు అరచేతులూ చీరకి తుడుచుకుంది. చెమట లేదు, ఊరికే తుడుచుకుంది. మళ్ళీ లెన్సులోకి వంగింది.

ఈ చేతుల కింద ఎంత రాయి పొడైపోయిందో ఆమెకే తెలియదు. తుప్పుకి ఒక పద్ధతంటూ ఉండదు. నీళ్ళు పారిన చోటల్లా పారి, తోచిన చోట ఆగిపోతుంది. సూది తగిలితే గాజులా చిట్లుతుంది. ఈ గీతకి మొదలుంది, చివరుంది. పొడవునా నారలాంటి గీరలున్నాయి. లెన్సు తిప్పి ఇంకా దగ్గరగా చూస్తే, ఒకప్పుడు నెత్తురు నడిచిన రంధ్రాలు, చీమకాలు కూడా పట్టనంతవి, వరసగా కనిపించాయి. వెనక చివర మాత్రం గాలంలా వంగి ఉంది. ఆ వంపు చూశాక ఇంక అనుమానానికి చోటు లేకపోయింది. కర్ణభేరిని పట్టి ఉంచే వంపు అది. బావ నోట ఆ సంగతి వందసార్లు విని ఉంటుంది.

మొదటిసారి విన్నప్పుడు ఆమెకి పద్దెనిమిదేళ్ళు. ఈ గదిలో చేరి వారం కూడా కాలేదు. చూపుడువేలు చెవికి ముందు ఆనించుకుని నోరు తెరిచి మూయమన్నాడు బావ. వేలికింద ఎముక కదిలింది. అది కొత్త కీలు, పాతది ఏమైందో చెప్పుకో చూద్దాం అన్నాడు. ఆమె బిక్కమొహం వేసింది. అప్పుడు బల్ల మీద బొగ్గుపెన్సిలుతో గీసి మరీ చెప్పాడు. నేలకి పొట్ట ఆనించి బల్లుల్లా పాకిన మన పాత పూర్వీకులకి కింది దవడ ఒకే ఎముక కాదట, అరడజను ముక్కల అతుకట. పళ్ళున్న ముక్క ముందు, కీలున్న ముక్కలు వెనక. నేలకి ఆనిన ఆ దవడే వాటికి చెవి కూడా. ఎక్కడో నడిచే అడుగుల అదురు ఎముకలోంచే లోపలికి పాకేది. కోట్ల ఏళ్ళు గడిచేకొద్దీ పళ్ళున్న ముక్క పెరిగి పెరిగి, తానే వెనక్కి వెళ్ళి పుర్రెతో కొత్త కీలు పెట్టుకుంది. పని తగ్గిన వెనక ముక్కలు చిక్కిపోయి, దవడ లోపలి గాడిలో ఒదిగి కూర్చున్నాయి. చివరికి అక్కణ్ణించి కూడా విడిపోయి చెవిలో చేరి, వినికిడి పనిలో కుదురుకున్నాయి.

మనం విన్న ప్రతి మాటా ఒకప్పటి దవడ కీలు దాటుకునే లోపలికొస్తుంది అనేవాడు బావ. బల్లులు మన తాతలు కారనీ, వాటి తాతలూ మన తాతలూ దాయాదులనీ, ఎప్పుడో వేరుకాపురం పెట్టుకున్నారనీ చెప్పేటప్పుడు ఆయన గొంతు ఇంటి తగాదా చెబుతున్నట్టే ఉండేది. సూదమ్మకి నవ్వాగేది కాదు. ఆ నవ్వుతోనే ఆమెకి ఈ పని మీద ప్రేమ పుట్టింది.

ఆ ముక్కలు గాడిని వదిలి చెవిలోకి ఎప్పుడు వెళ్ళాయి? ప్రపంచంలో దవడలు చూసేవాళ్ళందరికీ ఉన్న ప్రశ్న అదే. చిట్టి కుడి దవడలో గాడి ఖాళీగా, కడిగిన పళ్ళెంలా ఉంది. అంటే చిట్టికి అవి అప్పటికే చెవిలోకి వెళ్ళిపోయాయన్నమాట. అందరూ అనుకున్నదానికి నాలుగు కోట్ల ఏళ్ళ ముందే. ఆ ఖాళీ మీదే బావ పేరు నిలబడింది. ముందు హాల్లో చిట్టి బొమ్మ గాజుపెట్టెలో వెలిసింది. ముగ్గురు శిష్యులు దాని మీదే డాక్టరేట్లు తెచ్చుకున్నారు. ఆ ప్రాణికి శాస్త్రంలో పేరు పెట్టాల్సి వచ్చినప్పుడు బావ తన పేరు పెట్టుకోలేదు. గాడిని అంత శుభ్రంగా తీసిన చేతులివి అని, సూదమ్మ అసలు పేరు పెట్టాడు. ఆ రోజు ఆమె ఇంటికెళ్ళి, తలుపేసుకుని, చాలాసేపు తన చేతుల్ని తనే చూసుకుంది.

ఇప్పుడు కూడా వాటినే చూసుకుంటోంది.

కుడి దవడ పనిలో నాలుగోరోజు ఆమెకి బాగా గుర్తుంది. గాడి అడుగున నల్లగా, పెచ్చులా ఏదో తగిలింది. తుప్పేమో అనుకుంది, కాదేమో అని కూడా అనుకుంది. అనుమానం వచ్చి బావని పిలిచింది. పొద్దుటి నుంచి లెన్సులో చూసీ చూసీ, జిగురు కరిగించే అసిటోన్ ఘాటుకి కళ్ళు మండుతుంటే, కుర్చీ ఆయనకి వదిలి కుళాయి దగ్గరికెళ్ళి మొహం కడుక్కుంది. తిరిగొచ్చేసరికి బావ బల్ల పక్కన నిలబడి ఉన్నాడు. తుప్పేనమ్మా, తీసెయ్ అన్నాడు. ఆమె తీసేసింది. సాయంత్రానికి గాడి అద్దంలా మెరిసింది.

గాడి ఖాళీగా లేదు. ఖాళీ చేసింది తనే.

ఈ మాట మనసులో పూర్తిగా అనుకోవడానికి ఆమెకి ముప్పావుగంట పట్టింది. అనుకున్నాక ఏడుపు వస్తుందేమోనని చూసింది, రాలేదు. ఎముకని తెలియక విరగ్గొట్టినవాళ్ళని ఆమె ఎంతమందిని మందలించిందో.

ఒంటిగంటన్నరకి బావ వచ్చాడు. ఎప్పుడూ తలుపు తోసుకుని, వరండాలోంచే ఏదో ఒకటి మాట్లాడుతూ వచ్చే మనిషి, ఇవాళ చప్పుడు లేకుండా వచ్చి, తలుపు దగ్గరగా వేసి, గడియారం చూశాడు. ఎంతవరకొచ్చిందని అడిగాడు. సూదమ్మ కుర్చీలోంచి లేచి పక్కకి జరిగింది.

"మీరే చూడండి బావా."

ఆయన కూర్చోలేదు. కళ్ళజోడు పైనే మర్చిపోయానన్నాడు. అది ఆయన చొక్కా జేబులోంచి తొంగి చూస్తూనే ఉంది. సూదమ్మ దాన్ని చూసింది, ఆయన ఆమె చూపుని చూశాడు.

"ఏముందక్కడ చూడ్డానికి? తుప్పేగా" అన్నాడు చివరికి.

"తుప్పో మరోటో, ఏదో ఉందని నేనింకా చెప్పనేలేదు బావా."

ఇరవై మూడేళ్ళలో ఆమె ఆయన మాటని మధ్యలో పట్టుకోవడం ఇదే మొదటిసారి. బావ కిటికీ వైపు తిరిగాడు. కిటికీ అవతల ఇటుకగోడ తప్ప ఏమీ లేదు. ఆ గోడకే చెబుతున్నట్టు, ఈ రాతిలో తుప్పు ఉండడం వింత కాదన్నాడు. స్కాను చేసేవాళ్ళు కుర్రవాళ్ళనీ, తుప్పుకీ ఎముకకీ తేడా తెలియక గందరగోళం చేస్తారనీ, వాళ్ళ చేతికి అనుమానం ఇవ్వడం ఎందుకనీ అన్నాడు. రెండు గంటల పని, నీకు కొత్తా అన్నాడు. ఆయన చెబుతున్నంతసేపూ సూదమ్మ ఆయన వీపునే చూసింది. పాఠం చెప్పేటప్పుడు ఆయన ఎప్పుడూ ఎదుటివాళ్ళ మొహంలోకి చూస్తూ చెబుతాడు. ఇది పాఠం కాదు.

ఆమె నెమ్మదిగా చెప్పింది. గీతకి మొదలూ చివరా ఉన్నాయని చెప్పింది. నారలు చెప్పింది, రంధ్రాలు చెప్పింది, చివరి వంపు చెప్పింది. వంపు మాట వినగానే బావ భుజాలు ఒక్క అంగుళం కిందికి జారాయి.

"బావా, ఒక్కటి అడుగుతాను. కుడి దవడ నాలుగోరోజు. నేను మొహం కడుక్కోడానికి వెళ్ళాను. మీరు ఆ కుర్చీలో కూర్చుని లెన్సులో చూశారా, చూడలేదా?"

ఆమెకి తెలియాల్సింది అదొక్కటే. చూడకుండా చెప్పి ఉంటే అది అశ్రద్ధ. మరదలి చెయ్యి మీద నమ్మకం ఎక్కువైన మనిషి చేసిన అశ్రద్ధ. దాన్ని క్షమించొచ్చు, తనని తాను కూడా ఎలాగోలా క్షమించుకోవచ్చు. చూసి చెప్పి ఉంటే మాత్రం పదకొండేళ్ళుగా ఈ గదిలో తను ఎవరి పక్కన పనిచేసిందో తనకే తెలియదన్నమాట.

బయట వరండాలో ఎవరో బల్ల ఈడుస్తున్న చప్పుడు వచ్చి ఆగిపోయింది.

"చూశాను" అన్నాడు.

సూదమ్మ బల్ల అంచు పట్టుకుంది.

చూసి తుప్పే అనుకున్నానని ఆయన తొందరగా కలిపాడు. ఎవరికైనా అలాగే కనిపించేదన్నాడు. ఆ తర్వాత, ఆరేళ్ళ కిందట, వేరే దేశాల్లో ఇలాంటి ప్రాణులే రెండు దొరికాయట. రెండింటికీ గాడిలో ముక్కలు ఉన్నాయట. ఆ వార్త చదివిన రోజు నుంచీ ఎడమ దవడ ఉన్న అలమర వైపు ఆయన అడుగే వెయ్యలేదట. ఆధారం కోసం రాయి ఉండనీ అన్నమాట మొదట్లో నిజమేననీ, ఈ ఆరేళ్ళూ మాత్రం అది సాకేననీ ఒప్పుకున్నాడు. ఇంత ఒప్పుకున్న మనిషి, ఆ చూశానన్న మాట దగ్గర మాత్రం ఇటుకగోడనే చూశాడు.

"ఇప్పుడిది బయటపడితే లోకం నన్ననదు. గాడి తీసింది ఎవరని అడుగుతారు. ఆ ప్రాణి పేరులోనే ఉంది జవాబు. దాన్ని పలికిన ప్రతివాడూ నిన్ను తలుచుకుని నవ్వుతాడు. నీకది అవసరమా?"

బెదిరింపు అనుకుంటే బెదిరింపే. కానీ ఆయన గొంతులో ఉన్నది నిజమైన బాధ. సూదమ్మకి అదే ఎక్కువ భయం వేసింది. కోపంతో మాట్లాడి ఉంటే ఎదురు చెప్పడం తేలికయ్యేది.

"నవ్వనీండి" అంది. "నేను తీశాను కాబట్టి నన్నే అనాలి. కానీ రెండోసారి తియ్యను."

తలుపు తట్టిన చప్పుడైంది. తాళాలాయన తల లోపలికి పెట్టాడు. అన్ని అలమరల తాళాలూ నడుముకి కట్టుకుని తిరుగుతాడు కాబట్టి ఆయనకా పేరు. ఆయన రావడం మనిషికంటే ముందు చప్పుడుకే తెలుస్తుంది. ఇవాళ ఇద్దరికీ ఆ చప్పుడు వినిపించలేదు. రాతిముక్క సర్దిన పెట్టె సిద్ధమేనా, వ్యానువాడు ఫోను చేశాడు, ముందే వస్తాడట అన్నాడు. ఇద్దరి మొహాలూ చూసి, పెట్టె సంగతి మర్చిపోయి, గదిలో ఎవరైనా పోయారా అన్నట్టు గొంతు తగ్గించాడు. అరగంట ఆగి రమ్మన్నాడు బావ. తాళాల చప్పుడు వరండాలో దూరమైంది.

అప్పుడు బావ ఒక పని చేశాడు. గోడవారనున్న గాలి కంప్రెసరు దగ్గరికి వెళ్ళి మీట వేశాడు. గది నిండా ఝుమ్మనే చప్పుడు నిండింది. గాలి ఉలి చేతిలోకి తీసుకున్నాడు. చూడ్డానికి లావుపాటి పెన్నులా ఉంటుందది, మొన మాత్రం నిమిషానికి వేలసార్లు పొడుస్తుంది. సూదితో రెండు గంటలు పట్టే పని దానితో రెండు నిమిషాలు. జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, కుర్చీలో కూర్చున్నాడు.

"ఈ పని నీ చేత్తో వద్దు. నా చేత్తోనే చేస్తాను. ఎవరడిగినా నీకేం తెలియదను."

ఆయన ఎన్నో ఏళ్ళుగా ఉలి పట్టలేదు. దాన్ని పట్టుకోవాల్సింది పెన్నులా కాదు, పక్షిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకోవాలి. బావ గుప్పిటతో పట్టాడు. లెన్సు మీదికి వంగాడు. ఉలి మొన గాడికి ఒక వెంట్రుకవాసి పైన వణుకుతోంది. సూదమ్మకి ఆయన చెయ్యి లాగెయ్యాలనిపించింది. లాగితే మొన ఎటు పోతుందో చెప్పలేం. పుర్రె కూడా పోవచ్చు. అరవకూడదు, ఉలిక్కిపడితే అదే జరుగుతుంది. ఆమె నాలుగడుగులు వెనక్కి వేసింది. ఆ నాలుగడుగులకీ ఎంతసేపు పట్టిందో తర్వాత ఎంత ఆలోచించినా ఆమెకి గుర్తు రాలేదు. గోడ దగ్గర మీట చేతికి తగిలింది. నొక్కి ఆపేసింది.

ఝుమ్మనే చప్పుడు సన్నబడి సన్నబడి ఆగిపోయింది. గొట్టంలో మిగిలిన గాలి ఒక్క నిట్టూర్పులా పోయింది.

తిట్టు పడుతుందనుకుంది. పడలేదు. బావ తలెత్తలేదు. ఉలి మెల్లగా పక్కకి తప్పుకుని బల్ల మీద వాలింది. కళ్ళు మాత్రం లెన్సుకి అతుక్కుపోయాయి. ఒక చేత్తో లెన్సు పిడిని తిప్పి దగ్గర చేసుకున్నాడు, దూరం చేసుకున్నాడు, మళ్ళీ దగ్గర చేసుకున్నాడు. ఆ తిప్పడం సూదమ్మకి తెలుసు. ఎముకని ప్రేమించేవాళ్ళు కొత్తది కనబడ్డప్పుడు అలా తిప్పుతారు.

"ఇంత స్పష్టంగా కనిపిస్తుందా" అన్నాడు తనలో తను.

గదిలో అంత నిశ్శబ్దంగా ఉండబట్టి వినిపించింది. లేకపోతే ఆ మాట గాలికి పోయేదే.

"ఆ రోజు కనిపించలేదా మరి?" అని అడిగింది సూదమ్మ.

ఆయన కుర్చీలోంచి లేచి, కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టాడు. తుడుస్తూనే ఉన్నాడు.

సూదమ్మ ఇంక ఆలస్యం చెయ్యలేదు. జిగురు సీసా తీసింది. అసిటోన్‌లో పల్చగా కరిగించిన ఆ జిగురు నీళ్ళకంటే తేలిగ్గా పారుతుంది. ఎముక రంధ్రాల్లోకి ఇంకి, లోపలి నుంచి గట్టిపరుస్తుంది. మూడే మూడు వెంట్రుకలున్న కుంచె మొనకి ఒక చుక్క అంటించి, లెన్సులో చూస్తూ, గీతకి మొదట్లో తాకించింది. చుక్క పొడవునా పాకింది. నల్ల గీత ఒక్కసారి తడిసి మెరిసి, మళ్ళీ మామూలైంది. రెండో చుక్క. మూడోది చివరి వంపు దగ్గర. ఇప్పుడది పొడిగా రాలదు. ఎవరైనా తియ్యాలంటే ఎముకని తెలిసే తియ్యాలి.

కుంచె పక్కన పెట్టింది. పని పుస్తకం తెరిచి, తేదీ వేసి, ఎడమ దవడ లోపలి గాడిలో ఎముక ఉంది, జిగురు పట్టించాను అని రాసింది. దాని కింద ఇంకో వాక్యం రాయడానికి మాత్రం కొంచెం ఆగాల్సి వచ్చింది. కుడి దవడ గాడిలో కూడా ఇలాంటిదే ఉండి ఉంటుంది, దాన్ని నేను తుప్పనుకుని తీసేశాను. కింద ఎప్పుడూ పెట్టే పొడి అక్షరాలు పెట్టకుండా, పూర్తి పేరుతో సంతకం చేసింది. చిట్టికి శాస్త్రం పెట్టిన పేరులో ఉన్న అదే పేరు.

బావ వారించలేదు. ఆమె రాస్తున్నది తలకిందులుగానే చదివాడు. చదివి, నువ్వు నీ వంతు రాసుకున్నావు, నా వంతు కూడా రాసుకో, చూసి చెప్పింది నేనేనని రాయి అన్నాడు. ఆ మాట అనడంలో ఏదో తొందర ఉంది. నేరం ఒప్పుకునే మనిషి గొంతులో ఉండాల్సిన తొందర కాదది. సూదమ్మ కలం ఆపి ఆయన మొహంలోకి చూసింది.

అదే సమయానికి అక్క వచ్చింది.

అక్క పనిచేసేది పై అంతస్తులో. ఎముకల బొమ్మలు గీసే చెయ్యి ఆమెది. ఫోటో పట్టలేనిది పెన్సిలు పడుతుందంటారు అక్కడివాళ్ళు. చిట్టి మీద వచ్చిన ప్రతి పుస్తకంలోనూ ఆమె గీసిన దవడే ఉంటుంది. పదకొండేళ్ళ కిందట ఆమె బల్ల కూడా ఈ గదిలోనే ఉండేది. స్కాను వాళ్ళకి పంపాల్సిన బొమ్మల కవరు పట్టుకుని, పెట్టెలో పెట్టడానికి దిగి వచ్చింది. గుమ్మంలో ఆగి మొగుణ్ణి చూసింది, చెల్లెల్ని చూసింది, తెరిచి ఉన్న పుస్తకాన్ని చూసింది.

బావ గబగబా ఎదురెళ్ళాడు. కవరు ఇలా ఇచ్చి నువ్వు పైకి వెళ్ళు, ఇక్కడ దుమ్ముగా ఉంది, నేనొచ్చి అన్నీ చెబుతాను అన్నాడు. ఆయన ఆమె భుజం మీద చెయ్యి వేసి వెనక్కి తిప్పబోయాడు కూడా. ఆ గదిలో ఎప్పుడు దుమ్ము లేదు గనక?

అక్క ఆయన చెయ్యి మెల్లగా తీసేసింది. వచ్చి పుస్తకంలో రాసింది చదివింది. రెండు వాక్యాలే, కానీ చాలాసేపు చదివింది. తర్వాత, ఎవరూ అడగకుండానే, కుర్చీలో కూర్చుని లెన్సులోకి చూసింది. బావలా పిడి తిప్పలేదు. చూసింది, అంతే. అంతకుముందు చూసినదాన్నే మళ్ళీ చూసినట్టు చూసింది.

సూదమ్మ అక్క పక్కకి వచ్చింది.

"ఆ రోజు బావ చూశారట అక్కా. చూసి తుప్పనుకున్నారట."

"అలా చెప్పారా?"

"నువ్వు మాట్లాడకు" అన్నాడు బావ. మందలింపులా మొదలైన ఆ మాట చివరికి వచ్చేసరికి బతిమాలుతున్నట్టయింది.

అక్క లెన్సు మీంచి తల ఎత్తింది. ఆమె కళ్ళ కింద లెన్సు ఆనిన గుండ్రటి ముద్రలు పడ్డాయి.

"నువ్వు మొహం కడుక్కోడానికి వెళ్ళావు. ఈయన కూర్చోబోతుంటే ఫోనొచ్చింది. నువ్వు చూడు, నీ కన్ను నాకంటే నయం అని నాతో అని వరండాలోకి వెళ్ళిపోయారు. లెన్సులో చూసింది నేను. తుప్పని ఈయనకి చెప్పింది నేను. ఈయన నీకు చెప్పారు."

సూదమ్మ బావ వైపు తిరిగింది. ఆయన తలవంచుకుని నిలబడ్డాడు. అయితే ఈ మధ్యాహ్నమంతా ఆయన దాచుకున్నది తన పేరుని కాదు, పెళ్ళాం పొరపాటుని. చూశానన్న అబద్ధం అందుకు. ఆమెకి ఒక్కసారిగా ఆయన మీద కోపం సగం కరిగిపోయింది. పొరపాటు ఎవరిదైతేనేం, ముగ్గురం కలిసి చేశాం, ముగ్గురం కలిసి చెబుదాం అనడానికి నోరు తెరిచింది.

అక్క చెయ్యెత్తి ఆపింది.

"పొరపాటనుకుంటున్నావు నువ్వు. ఈయన కూడా పదకొండేళ్ళుగా అదే అనుకుంటున్నారు. నేను బొమ్మలు గీసేదాన్ని. నారలూ రంధ్రాలూ కనిపించలేదంటే ఎవరు నమ్ముతారు? చివరి వంపు కూడా కనిపించింది. ఎముకని తెలిసే తుప్పని చెప్పాను."

బావ చేతిలోని కళ్ళజోడు నేల మీద పడింది. ఆయన దాన్ని తీసుకోలేదు. భార్య మొహంలోకి, ముప్పై ఏళ్ళు కాపురం చేసిన మొహంలోకి, ఎవరో కొత్త మనిషిని చూస్తున్నట్టు చూశాడు.

"ఎందుకు?" అన్నాడు.

అక్క ఆయన్ని చూడలేదు. ఆమె చూపు చెల్లెలి మీదే ఉంది. అందులో భయం ఉంది, జాలి కూడా ఉంది.

"చెబుతాను. దీని ముందే చెప్పమంటారా?"